ముల్లు కిందికి దిగినప్పుడు

సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. నాకు కథలు రావు. తెలిసిందల్లా కాస్త లోహాల సంగతి. అదే రాస్తున్నాను.

మా నాన్న రాడ్ బెండింగ్ పని చేస్తాడు. సంతకం తప్ప చదువు రాదు. హాస్టల్ సెలవుల్లో నేనూ ఆయనతో పనికి పోయేవాణ్ణి. ఒకసారి తప్పుగా వంచిన కడ్డీని సాపు చేసి, అదే చోట మళ్ళీ వంచబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "వంచిన చోటే వంచకురా, అక్కడ అది మొండికేసి ఉంటది. పుటుక్కుమంటది" అన్నాడు. ఎందుకు నాన్నా అంటే, "ఇనుము అంతే" అన్నాడు.

ఆ 'ఎందుకు'కు జవాబు ఎం.టెక్ ల్యాబులో దొరికింది. అక్కడ కడ్డీని రెండు కొసలా బిగించి తెగేదాకా లాగుతారు. ఎంత బరువుతో లాగుతున్నామో డయలు మీద ముల్లు చూపిస్తుంది. 10 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు కడ్డీ సుమారు 2 టన్నుల దాకా కంటికి కనపడనంతే సాగుతుంది. వదిలేస్తే మళ్ళీ మొదటి పొడవుకే వస్తుంది. ఆపైన సాగింది మాత్రం ఇక వెనక్కి రాదు. అయినా కడ్డీ ఓడిపోలేదు. లోపల పరమాణువుల వరుసలు జారి, వాటిలోని లోపాలు ఒకదానికొకటి చిక్కుపడి, సాగిన చోటు గట్టిపడుతుంది. అప్పుడు పక్కచోటు సాగుతుంది. ఇలా భారాన్ని కడ్డీ అంతా పంచుకుంటుంది. నాన్న చెప్పిన మొండితనం ఇదే.

కానీ సాగేకొద్దీ కడ్డీ సన్నబడుతుంది కూడా. సన్నబడే వేగానికి గట్టిపడటం చాలనప్పుడు ఒకచోట మెడలా నొక్కు పడుతుంది. ఈ లెక్కను కాన్సిదేర్ అనే ఫ్రెంచి ఇంజనీరు 1885లోనే చెప్పాడు. ఇక మిగతా కడ్డీ సాగడం మానేస్తుంది. సాగుడంతా ఆ మెడ ఒక్కదానిదే. దాని నడిమధ్యన సన్నని బొక్కలు పుట్టి, కలిసిపోయి, ఠప్పున తెగుతుంది.

నేను మరిచిపోలేనిది ఒకటుంది. మెడ పడగానే ముల్లు కిందికి దిగుతుంది. చూసేవాడికి బరువు తగ్గినట్టే ఉంటుంది. నిజానికి ఆ సన్నని చోట ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే భారం పెరుగుతూనే ఉంటుంది.

ఆ ముల్లును చూస్తుంటే ఇంటర్లో నా పక్క ట్రంకువాడు గుర్తొచ్చాడు. వాళ్ళ నాన్న పోయాక మొదట్లో రాత్రుళ్ళు ఏడ్చేవాడు, మాతో పోట్లాడేవాడు. తర్వాత ఏమీ అడగడం మానేశాడు. కుదుటపడ్డాడు అనుకున్నాం. దసరా సెలవులకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. వాడి ట్రంకు పెట్టె మార్చి దాకా అక్కడే ఉంది. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. చదువు మాట వాడు ఎత్తడు, నేనూ ఎత్తను.

తమ్ముళ్ళూ, గట్టిపడటం మంచిదే. మనందరం అలాగే ఇక్కడిదాకా వచ్చాం. అయితే నాన్న కడ్డీలకు చుట్టే బైండింగ్ వైరు అంత మెలిపెట్టినా ఎందుకు తెగదో తెలుసా? లాగి లాగి సన్నగా చేసేటప్పుడు మొండికేసిన ఆ తీగను వేడిచేసి, నెమ్మదిగా చల్లార్చి, మళ్ళీ మెత్తబరుస్తారు. ఆ పని పగులు రాకముందే చెయ్యాలి. పగిలాక ఎంత కాల్చినా అతకదు.

మీ గదిలో పోట్లాడేవాడు ఉన్నట్టుండి నెమ్మదిస్తే, ముల్లు దిగిందని సంబరపడకండి. ఆ రాత్రి మెస్సులో కంచం పట్టుకుని వాడి పక్కన కూర్చోండి.

— మీ అన్న, పూర్వ విద్యార్థి