అమ్మ రాత్రి భోజనము

మా అమ్మకు 74వ యేట గుండెపోటు వచ్చెను. ఆసుపత్రినుండి తెచ్చిన పిమ్మట మంచము దిగనీయక, చారన్నమే పథ్యమని పెట్టి, మంచినీళ్లు సైతము మేమే అందించుచు, అదియే మాతృసేవ యనుకొంటిమి. రెండు నెలలకు గుండె కుదుటపడెను గాని కాళ్లు చిక్కిపోయెను. చేతులాన్పక కుర్చీనుండి అయిదుమార్లు లెమ్మని వైద్యుడనగా రెండవమారే కూలబడినది. గుండెపోటు రోగిని మంచమునకు కట్టివేయక కుర్చీలో కూర్చుండబెట్టవచ్చునని లెవైన్, లౌన్ అను అమెరికా వైద్యులు 1952లోనే ప్రకటించిరి. ఆ మాట మా గడప తొక్కలేదు.

కదలని కండ కరగుననియు, పప్పు, పెరుగు, గుడ్డు రెండుపూటల తిననిదే మరల పట్టదనియు వైద్యుడు చెప్పెను. (గుడ్డు పేరు విని అమ్మ చెవులు మూసికొన్నది, పెసరపప్పుతో రాజీపడితిమి.) విధవకు రాత్రి భోజనమా యని ఆమె పట్టుబట్టినది. ఆ నియమమును నలువదేండ్లు చూచుచు ఊరకున్న మేము ఆమెనేమని తప్పుపట్టుదుము? ఆమె తినువఱకు మేమును రాత్రి తినమంటిమి. మూడవనాడు పెరుగన్నము తిన్నది. ఇప్పుడు వసారాలో నడచుచున్నది. పట్టుకొనబోయిన మా చేతిని విదల్చివేయుచున్నది.