మేఘంలో అద్దె ఇల్లు

కంప్యూటరుకు మన భాషలో కొత్త పేర్లు పెట్టాలని పండితులు ప్రయత్నించారు. గణన యంత్రమన్నారు, సంగణకమన్నారు. ఆ పేర్లు పుస్తకాల్లోనే మిగిలిపోయాయి. కంప్యూటరు అన్న మాటే జనం నోట నిలిచింది. ఆ మాటకు ముందు చాలాకాలం ఒక విశేషణం ఉండేది. 'పర్సనల్ కంప్యూటర్' అనేవారు. అంటే ఒక వ్యక్తికి సొంతమైనది అని అర్థం. ఆ విశేషణం క్రమంగా మన వాడుక నుండి జారిపోతున్నది. మాట పోతే పోయింది, దానితోపాటు ఆ మాట చెప్పిన సొంతదనం కూడా పోతున్నదా అన్న ఆలోచన కొంతకాలంగా నన్ను వదలడం లేదు.

ఆ విశేషణం ఊరికే పుట్టలేదు. 1960లలో కంప్యూటరు అంటే ఒక పెద్ద గదిని ఆక్రమించే యంత్రం. దానిని కొనగలిగినవి ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, పెద్ద పరిశ్రమలు మాత్రమే. లెక్క చేయించుకోదలచినవాడు తన వంతు వచ్చేదాకా వేచి ఉండాలి. మన హైదరాబాదులో 1967లో స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును నిర్మించింది. అది దేశానికి గర్వకారణమే గాని, సామాన్యుడి ఇంటికి వచ్చే వస్తువు కాదు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసిన తరువాత బల్లమీద పట్టే యంత్రాల వ్యాప్తి వేగం పుంజుకుంది. ఇంకొకరి గదిలో ఉన్న శక్తి మన గదిలోకి వచ్చింది. 'వ్యక్తిగతం' అన్న మాటకు ఉన్న బరువంతా అందులోనే ఉంది.

గాజువాకలో మా ఇంటికి తొలి కంప్యూటరు వచ్చిన రోజులు నాకు బాగా జ్ఞాపకం. దాని మూత మేమే విప్పేవాళ్లం. సముద్రపు గాలికి మరలు తుప్పుపట్టేవి. నెలకొకసారి దుమ్ము దులిపి, మరలకు చుక్క నూనె వేసేవాళ్లం. జ్ఞాపకశక్తి చాలకపోతే వేలెడంత మెమరీ పలక కొనితెచ్చి లోపల గుచ్చితే సరిపోయేది. సాఫ్టువేరు ఒక సీడీలో ఉండేది. ఒకసారి డబ్బిచ్చి కొన్నాక దాని జోలికి ఎవరూ వచ్చేవారు కారు. డీటీపీ దుకాణాల సంగతీ అంతే. పేజ్‌మేకర్ అనే సాఫ్టువేరు చివరి రూపం 2001లో వచ్చింది. తయారీదారులే దానిని విడిచిపెట్టినా, తెలుగు అక్షరాలు కూర్చేవారు ఎందరో ఆ తరువాత ఏళ్ల తరబడి దానితోనే శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు తయారుచేశారు. పాతదైనా తమది కనుక వారిని ఆపగలవారు లేకపోయారు.

ఆ తరువాత 'క్లౌడ్' వచ్చింది. పేరుకు మేఘమే గాని అది ఆకాశంలో ఉండదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేలాది కంప్యూటర్లు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. వాటికి విద్యుత్తు కావాలి, వేడి చల్లార్చే ఏర్పాటు కావాలి, లోకంతో కలిపే తీగలు కావాలి. 2006లో అమెజాన్ సంస్థ అటువంటి యంత్రాల శక్తిని, నిల్వస్థలాన్ని అద్దెకు ఇవ్వడం ఆరంభించింది. 2013లో అడోబీ సంస్థ, చిత్రాల పనికి వాడే తన సాఫ్టువేర్ల కొత్త రూపాలు చందా కట్టేవారికే అని తేల్చింది. 2021లో మైక్రోసాఫ్ట్ మరొక అడుగు వేసి, మొత్తం కంప్యూటరునే నెలవారీ అద్దెకు వ్యాపార సంస్థలకు అందించసాగింది. 2025 డిసెంబరులో మైక్రాన్ అనే మెమరీ తయారీ సంస్థ, డేటా కేంద్రాల గిరాకీ పెరిగినందువల్ల, సామాన్య వినియోగదారులకు మెమరీ అమ్మే తన వ్యాపారం నుండి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. మా ఇంటి యంత్రంలో గుచ్చిన ఆ చిన్న పలక వంటిదే అది. ఇన్నాళ్లూ మన ఇంటికి వచ్చిన సరుకు ఇప్పుడు పెద్ద భవనాల వైపు మళ్లుతున్నది.

ఇందులో మేలు లేదనడం న్యాయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. కిటికీలు ఊడి, వాననీరు ఇళ్లలోకి చొచ్చుకువచ్చింది. అటువంటి నాడు బల్లమీది యంత్రం తడిసిపోతే, అందులో దాచుకున్నదంతా దానితోపాటే పోతుంది. దూరదేశపు యంత్రంలో ఒక ప్రతి భద్రంగా ఉన్నవాడు అదృష్టవంతుడు. అయితే అదే తుఫాను రెండవ పాఠం కూడా నేర్పింది. నగరంలో అనేక ప్రాంతాలకు రోజుల తరబడి విద్యుత్తు లేదు, ఫోన్లు మూగబోయాయి. మేఘంలో ఎంత సంపద ఉన్నా ఆ రోజుల్లో దానిని అందుకునే దారి లేదు. ఖరీదైన యంత్రం కొనలేని విద్యార్థికి చవక ఫోనులోనే గొప్ప కంప్యూటరు శక్తి అందడం కూడా క్లౌడ్ చలవే. కాబట్టి క్లౌడ్ మంచిదా చెడ్డదా అని అడిగితే ప్రయోజనం లేదు. అక్కడ దాచుకున్నదానిపై మనకు ఏ హక్కు మిగులుతుందన్నదే అడగవలసిన మాట.

ఒకసారి ఒక విద్యార్థి నన్ను ఇలా ప్రశ్నించాడు. "మాస్టారూ! మన ఊళ్లో ఎంతోమంది అద్దె ఇళ్లలోనే ఉంటున్నారు గదా. కంప్యూటరును అద్దెకు తీసుకుంటే మాత్రం తప్పేమిటండీ?"

మంచి ప్రశ్న. అద్దె ఇంట్లో ఉండడం తప్పు కాదు, చిన్నతనమూ కాదు. అయితే అద్దె ఇంటికి ఒక మర్యాద ఉంది. ఖాళీ చేయమనదలచిన యజమాని ముందుగా చెప్పాలి. వెళ్లేటప్పుడు మన మంచం, మన బియ్యం డబ్బా, మన పుస్తకాలు మనతో వస్తాయి. అన్యాయం జరిగితే పెద్దమనుషులు ఉన్నారు, న్యాయస్థానం ఉంది. క్లౌడ్ అనే ఇంట్లో సామాను కూడా యజమాని తాళం కిందనే ఉంటుంది. నాకు తెలిసిన ఒక యువకుడు ఇంటి పటాలు గీసి జీవించేవాడు. ఒక సంవత్సరం చందా కట్టలేకపోయాడు. తాను గీసిన పటాలు తన కంప్యూటరులోనే ఉన్నాయి. వాటిని తెరిచే సాఫ్టువేరు మాత్రం తెరుచుకోలేదు. గీతలు అతనివి, తాళంచెవి మరొకరిది.

ఇది ఒక్కరి కథ కాదు. 2009 జులైలో అమెజాన్ సంస్థ, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న రెండు ఎలక్ట్రానిక్ పుస్తకాలను వారి కిండిల్ పరికరాల నుండి దూరం నుండే తొలగించింది. వాటిని అమ్మకానికి పెట్టినవారికి ఆ హక్కు లేదన్నది కారణం. డబ్బు తిరిగి ఇచ్చింది, క్షమాపణా చెప్పింది. కానీ ఆ పుస్తకం చదువుతూ టిప్పణులు రాసుకున్న ఒక పాఠశాల విద్యార్థి, పుస్తకం పోయాక తన రాతలకు అర్థం లేకుండా పోయిందని న్యాయస్థానానికి వెళ్లాడు. వ్యక్తులకే కాదు, మహా పరిశ్రమలకూ ఈ చిక్కు తప్పలేదు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షల నేపథ్యంలో, గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడుపుతున్న నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. డబ్బు కట్టినా తమ సమాచారం తమకు అందడం లేదని ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజుల్లో సేవలు తిరిగి వచ్చాయి. అంతటి సంస్థకే న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వస్తే, ఒంటరి విద్యార్థి మాట ఎవరు వింటారు?

ఇప్పుడు ఆ మేఘం మన విశాఖకే వచ్చి స్థిరపడబోతున్నది. అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ కృత్రిమ మేధకు ఒక మహాకేంద్రాన్ని నెలకొల్పుతామని 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ ప్రకటించింది. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ అందులో భాగస్వాములు. సముద్రగర్భ తీగలు ఇక్కడి తీరానికి చేరతాయన్నారు. దాని సామర్థ్యాన్ని గిగావాట్లలో చెబుతున్నారు. ఒక గిగావాట్ అంటే, మన సింహాద్రి విద్యుత్ కేంద్రపు 2000 మెగావాట్ల సామర్థ్యంలో సగం. ఇది నగరానికి పెద్ద అవకాశమని సంతోషించవచ్చు. కానీ మన నేలపై ఉన్నంత మాత్రాన అది మనది కాదు. మన వీధిలో బ్యాంకు ఉన్నంత మాత్రాన అందులోని సొమ్ము మన వీధివారిది అవుతుందా?

సొంతదనం విలువ ఈ నగరానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. పరాయి పాలనలో మన సరుకులు సముద్రం దాటాలంటే ఎక్కువగా బ్రిటిష్ వారి ఓడలే దిక్కు. ఆ స్థితిని మార్చాలని 1919లో ఆవిర్భవించిన సింధియా కంపెనీ, 1941లో విశాఖలో ఓడల నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. 1948 మార్చి 14న 'జలఉష' నౌకను నెహ్రూ ఇక్కడే జలప్రవేశం చేయించారు. ఉక్కు కథ మరింత లోతైనది. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో జనం వీధుల్లోకి వచ్చారు. 32 మంది ప్రాణాలు అర్పించారు. ఆ నినాదంలోని రెండవ సగాన్ని గమనించండి. వారు కోరినది దయ కాదు, హక్కు. ఆ త్యాగంతో కర్మాగారం వచ్చింది, కొలుములు వచ్చాయి. కానీ సొంత ఇనుప గనులు రాలేదు. ముడిఖనిజాన్ని ధర పెట్టి కొనుక్కోవలసిన ఆ లోటు, కర్మాగారాన్ని కష్టాల్లోకి నెట్టిన కారణాలలో ఒకటని కార్మికులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. కొలిమి సొంతమైనా గని సొంతం కాకపోతే ఏమవుతుందో ఇంతకంటె బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. రేపటి మన చదువులకు, వ్యాపారాలకు సమాచారమే ముడిఖనిజం.

అలాగని క్లౌడ్‌ను బహిష్కరించనక్కరలేదు. ఓడను సొంతం చేసుకోవాలనుకున్నవారు సముద్రాన్ని వద్దనలేదు. మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ముఖ్యమైన రాతలకు, ఛాయాచిత్రాలకు, ధ్రువపత్రాలకు ఒక ప్రతి మన చేతిలోని డిస్కులో ఉండాలి. ఏ ఒక్క సంస్థ సాఫ్టువేరుకో కట్టుబడని రూపంలో, యూనికోడ్ అక్షరాలలో తెలుగును భద్రపరచుకోవాలి. చందా అవసరం లేని లినక్స్, లిబ్రెఆఫీస్ వంటివి నేర్చుకోవాలి; తెలుగునాట 'స్వేచ్ఛ' సంస్థ ఇటువంటి స్వేచ్ఛా సాఫ్టువేరును ప్రచారం చేస్తున్నది. చట్టాన్నీ ప్రశ్నించాలి. తమ సమాచారాన్ని ఒక సంస్థ నుండి మరొక సంస్థకు తరలించుకునే హక్కు ఐరోపా ప్రజలకు 2018 నుండి ఉంది. మన దేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, సమాచారాన్ని సరిదిద్దించుకునే, తొలగింపజేసుకునే హక్కులను ఇచ్చింది గాని, తరలించుకునే హక్కును చేర్చలేదు. ఇల్లు మారేటప్పుడు సామాను తీసుకుపోయే హక్కు అదే గదా!

నేడు జూనియర్ కళాశాలలో చదువుతున్నవారిలో కొందరు రేపు ఆ మహాకేంద్రాలలోనే ఉద్యోగులవుతారు. కొందరు న్యాయవాదులవుతారు, కొందరు శాసనసభల్లో కూర్చుంటారు. లక్షలాది మంది చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే ఆ నిబంధనలను రాసే కలం వారి చేతికి రావచ్చు. అద్దెకున్నవాడి సామాను అద్దెకున్నవాడిదేనన్న ఒక్క వాక్యాన్ని వారు అందులో చేరిస్తే, 'వ్యక్తిగతం' అన్న పాత మాటకు మళ్లీ ప్రాణం వస్తుంది.