మాలిక్ లెక్క

22 అక్టోబరు 2025, బుధవారం

ఇవాళ్టి నుంచి కార్తీకం. నెల్లాళ్లు గుడ్డు ముట్టని ఇళ్లు కోహెడలోనే సగం ఉంటాయి, ఇక సిటీ సంగతి చెప్పేదేముంది. పొద్దున నెక్ వాళ్ల గుడ్డు రేటు చూసి ఫోన్ పక్కన పడేశాను. పన్నెండు వేల కోళ్లకు కార్తీకం తెలియదు. రోజుకు పదమూడు క్వింటాళ్ల దాణా అడుగుతూనే ఉంటాయి.

మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి పోయిందని ఈ నెల మొదట్లోనే విన్నాను. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. సూపర్ కప్పులో ఆ పేరుతోనే దిగుతుందట. సిటీలో చదివే మా అల్లుడు అన్నాడు: "మామా, మన టీమును ఎత్తుకపోయిండ్రు." నాకు నవ్వొచ్చింది. 2019లో పుణె క్లబ్బు మూతపడితే ఆ సీటే కదా మనకు వచ్చింది. అదే ఏడు ఢిల్లీ వాళ్ల డైనమోస్ భువనేశ్వర్ పోయి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఢిల్లీ పోగొట్టుకున్నది ఇప్పుడు మన దగ్గర్నుంచి తీసుకుంది. లీగులో సీటే ఆస్తి, ఆటగాళ్లు ఆ సీటు మీద కూర్చునే వాళ్లు.

మా షెడ్ల సంగతీ అంతే. మార్కెట్ స్థలం పక్కన వెంచర్లు పడ్డప్పటి నుంచి నన్ను అడిగేవాళ్లంతా ఎకరం ఎంతని అడుగుతున్నారు. గుడ్లు ఎన్ని వస్తున్నాయని ఒక్కడూ అడగడు.

29 అక్టోబరు, బుధవారం

తుఫాను. మొంథా అని పేరు పెట్టారు. రాత్రంతా వాన, పొద్దున్నా ఆగలేదు. షెడ్ల పరదాలు దించి, పడమటి వైపు తాళ్లు బిగించేసరికి ఒళ్లంతా తడిసిపోయింది. కోళ్లు బెదిరితే రెండు రోజులు గుడ్డు తగ్గుతుంది. కొత్తగా వచ్చిన జార్ఖండ్ పిల్లగాడు పరదా కొస పళ్లతో పట్టుకుని స్తంభం ఎక్కాడు. దిగి రా అని అరిచాను. ముడి వేశాకే దిగాడు.

కరెంటు లేదు, పనీ లేదు. ఫోన్‌లో బ్లాక్‌బర్న్ వార్తలు చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. రంగారెడ్డిలో గుడ్లమ్ముకునేవాడికి ఇంగ్లండ్‌లో రెండో అంతస్తు జట్టుతో ఏం పని? పని ఉంది. నా షెడ్డులో ఉన్నవి బీవీ 300 కోళ్లు. ఆ జాతి పిల్లలను అమ్మే వెంకటేశ్వర హ్యాచరీస్ వాళ్లదే బ్లాక్‌బర్న్ రోవర్స్. 1971లో ఆ కంపెనీ పెట్టిన బి.వి. రావు మన హైదరాబాదు మనిషే, పుణెలో పెద్దవాడయ్యాడు. 'బీవీ' అనే రెండక్షరాలు ఆయన పేరే అని మావాళ్ల నమ్మకం. నేనెప్పుడూ కాదనలేదు. 1982లో నెక్ పెట్టి, గుడ్డు ధర దళారి కాదు, రైతే చెప్పాలన్నది కూడా ఆయనే. ఆ మనిషంటే నాకు గౌరవం. 1996లో పోయాడు.

ఆయన పిల్లలు 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ కొన్నారు, 2 కోట్ల 30 లక్షల పౌండ్లకు. అది ఆషామాషీ క్లబ్బు కాదు. జాక్ వాకర్ అనే ఆ ఊరి ఉక్కు వ్యాపారి తన డబ్బు కుమ్మరించి, షియరర్ లాంటి వాళ్లను తెచ్చి, 1995లో ఇంగ్లండ్ ఛాంపియన్‌ను చేసిన జట్టు. మనవాళ్లు కొన్న నెలలోనే కోచ్ అలర్డైస్‌ను తీసేశారు. ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూములో కూర్చుని చికెన్ తినే టీవీ ప్రకటన వచ్చింది. అప్పట్లో అది చూసి నేను గర్వపడ్డాను, అబద్ధమెందుకు. మన కోడి అక్కడిదాకా పోయిందనుకున్నాను. 2012 మే 7న విగాన్ చేతిలో ఓడి కింది లీగుకు పడిపోయిన రాత్రి, ఎవరో అభిమాని బ్లాక్‌బర్న్ జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలాడు. ఆటగాళ్లు దాని వెంట పరుగెత్తారు. ఆ వీడియోలో కోడిని పట్టుకున్న తీరు చూస్తే ఒక్కడికీ కోడిని పట్టడం రాదని తెలిసిపోతుంది. 2017లో ఇంకో మెట్టు కిందికి పోయి, మరుసటేడు పైకొచ్చారు.

మొన్న సెప్టెంబరులో ఇప్స్‌విచ్ మీద 1-0తో గెలుస్తూ ఉండగా 80వ నిమిషం దగ్గర వానకు ఆట ఆపేశారు. తర్వాత మొదటి నుంచి ఆడమన్నారు. వాళ్లకు వాన కూడా కలిసి రాదు.

అదే రోజు, రాత్రి

కరెంటు వచ్చింది. ఒక మాట రాసుకోవాలి.

ఆడమ్ వార్టన్ అనే పిల్లగాడు ఆరేళ్లప్పటి నుంచి బ్లాక్‌బర్న్ అకాడమీలోనే పెరిగాడు. 2024 ఫిబ్రవరి మొదట్లో క్రిస్టల్ ప్యాలెస్‌కు 1 కోటి 80 లక్షల పౌండ్లకు అమ్మారు. ఆ వేసవికే ఇంగ్లండ్ జట్టుతో యూరో కప్పుకు పోయాడు. తర్వాత గోల్స్ కొట్టే స్మోడిక్స్‌నూ ఇప్స్‌విచ్‌కు ఇచ్చేశారు. వచ్చిన డబ్బుతో ఎవరిని తెచ్చారని అక్కడి జనం మొత్తుకుంటున్నారు. యజమానుల ముఖం చూసి ఏళ్లయిందంటారు.

కోళ్లోడిగా నాకు ఈ లెక్క అర్థమవుతుంది. 18 వారాలు పిల్లను సాకడం ఖర్చు. గుడ్డు పెట్టినన్నాళ్లు లాభం. 80 వారాలు దాటితే లారీ. ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు. అయితే వార్టన్‌ను అమ్మింది గుడ్డు మొదలయ్యే వారంలో. ఏ రైతూ ఆ పని చేయడు, దాణాకు పైసల్లేక గొంతు మీదికొస్తే తప్ప.

గొంతు మీదికే వచ్చింది మరి. 2023 నుంచి కొంతకాలం, ఇక్కడి కేసు వల్ల, ఢిల్లీ హైకోర్టు అనుమతి లేకుండా వాళ్లు అక్కడికి డబ్బు పంపలేకపోయారు. ఇంకో సంగతి: ఆ క్లబ్బు మీద వాళ్లకు లాభం లేదు. ఏటా నష్టమే పూడుస్తున్నారు. లాభాపేక్ష అని తిట్టేవాళ్లు ఇది చూడరు. లాభం కోసం కొన్నవాడు ఎప్పుడో వదిలేసేవాడు. పేరు కోసం కొన్నవాడికి పేరు రాలేదు, వదిలేద్దామంటే పెట్టింది పోతుంది. అందుకే చావని, బతకని దాణా పోస్తుంటాడు.

2 నవంబరు, ఆదివారం

మైదానం ఇంకా చిత్తడిగానే ఉంది, అయినా ఆడారు. ఊరి పోరగాళ్ల జట్టుకు దసరాకు నేనే జెర్సీలు కుట్టించాను. వీపు మీద ఫారం పేరు, ఫోన్ నెంబరు. నెంబరే పెద్దగా ఉందని మా ఆవిడ అంది.

ఒకడు తక్కువైతే మన జార్ఖండ్ పిల్లగాణ్ని దింపారు. వట్టి కాళ్లతో. బురదలో బూట్లున్నవాళ్లే జారి పడుతుంటే వీడు కాలివేళ్లతో నేలను పట్టుకుని నడిచాడు. ఎడమ పక్క నుంచి ఇద్దర్ని తప్పించి కొట్టిన బంతి పోలుకు తగిలి లోపలికి పోయింది. నేను లేచి నిలబడి కేక పెట్టాను. పక్కనున్న ప్లాట్ల బ్రోకరు "నీ ప్లేయరేనా అన్నా?" అన్నాడు. "మనోడే" అన్నాను. చెప్పేటప్పుడు ఛాతీ ఎంత ఉబ్బిందో నాకు తెలుసు. పైసా పెట్టకుండానే.

రెండో సగంలో ఎవడిదో స్టడ్ వాడి పాదం మీద దిగింది. రక్తం. పసుపు అద్ది కట్టు కట్టాం. వాడి ఊళ్లో టోర్నమెంటు గెలిస్తే మేకపోతును ఇస్తారట, దాని పేరే ఖస్సీ టోర్నమెంటు. ఇక్కడ ఏమిస్తారని అడిగాడు. కప్పు అన్నాను. తినడానికి పనికిరాదు కదా అన్నట్టు చూశాడు.

పోరగాళ్ల కెప్టెన్ వచ్చి, "కాకా, వానికి బూట్లు ఇప్పియ్యరాదే" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

5 నవంబరు, బుధవారం

పున్నమి. ఇంట్లో 365 వత్తుల దీపం. ఒక టన్ను మక్కలు తడిసి బూజు పట్టాయి. ఇవాళ ఆట గురించి ఏమీ లేదు.

8 నవంబరు, శనివారం

హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన లీగు ఐఎస్‌ఎల్. దాన్ని నడిపే హక్కులకు టెండరు పెడితే నిన్నటి గడువుకు ఒక్క బిడ్డూ రాలేదు. రిలయన్స్ వాళ్లతో పదిహేనేళ్ల ఒప్పందం, ఏటా 50 కోట్లు ఫెడరేషన్‌కు ఇచ్చేది, వచ్చే నెల 8న ముగుస్తుంది. లీగే లేకపోతే సీటెందుకు? ఢిల్లీకి మోసుకుపోయినవాళ్లు ఏం మోసుకుపోయినట్టు?

అల్లుడు వచ్చాడు. వాడి కోపం పాత యజమానుల మీద. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ మీద ఐఎస్‌ఎల్ ఫైనల్ పెనాల్టీల్లో గెలిచిన రాత్రి వాడు ఫోన్ చేసి ఏడ్చాడు. గోలీ కట్టిమణి ఆపిన పెనాల్టీలు ఇప్పటికీ లెక్కపెడతాడు. మొదటేడు 10 పాయింట్లతో అట్టడుగున ఉన్న జట్టును కోచ్ మనోలో మార్కెజ్ అక్కడిదాకా తెచ్చాడు. కరోనా వల్ల ఆ ఏడు మ్యాచులన్నీ గోవాలోనే. మన ఊరు గెలిచిన సీజన్‌ను మన ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఒకసారి ఔటర్ మీద గంట ప్రయాణం చేసి వాణ్ని గచ్చిబౌలి స్టేడియానికి తీసుకుపోయాను. స్టాండులో ఖాళీ కుర్చీలే ఎక్కువ. నా ఎదురుగా ఒకాయన ఆటంతా బిర్యానీ పార్సిల్ వైపే చూశాడు.

2023-24లో 22 మ్యాచులు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పోయారు, ఫిఫా కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పెట్టింది. చివరికి స్థానిక పిల్లలతో బండి లాగారు. మరుసటేడు బి.సి. జిందాల్ వాళ్లు కొన్నారు.

"పైసలు పెట్టలేక కాదు మామా, మనసు లేక" అన్నాడు అల్లుడు.

అక్కడ నాకు వాడితో పొత్తు కుదరలేదు. ఆటగాణ్ని కొనకపోవడం యజమాని ఇష్టం. శ్రీనిధి దక్కన్ వాళ్లు ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్లు రెండో స్థానం దగ్గర ఆగారు. ఇంకొంచెం పెట్టి ఉంటే గెలిచేవారేమో, అది వాళ్ల లెక్క, ఎవరూ వేలెత్తి చూపలేరు. కొన్నవాడికి జీతం ఇవ్వకపోవడం వేరే జాతి. మొదటిది పిసినారితనం. రెండోది బాకీ. పేపరోళ్లు రెండింటినీ ఒకే గాటన కడతారు.

సిటీ పోలీసు కోచ్ రహీం సాబు కాలంలో ఈ తకరారే లేదన్నాను. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిందంటే, ఆటగాడికి డిపార్టుమెంటులో ఉద్యోగం ఉంది, ఒకటో తారీఖు జీతం ఉంది. కలకత్తా వాళ్లు ఎక్కువ చూపినప్పుడు మాత్రం మన పిల్లలు పోయారు. 57లో అమ్ముగూడ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. పోనిచ్చారు. ఆ రోజుల్లో యజమాని సర్కారే, దానికి లాభం అక్కర్లేదు.

"అయితే నువ్వు మస్తు నీతి చెప్తున్నవ్ మామా" అన్నాడు. ఏమనుకుని అన్నాడో.

9 నవంబరు, ఆదివారం

ఆట లేదు. సాయంత్రం గుడ్లు ఏరడం అయ్యాక పిల్లగాడు ఆఫీసు గదికి వచ్చాడు. కాలికి ఇంకా పట్టీ ఉంది, పేడ తగిలి నల్లబడింది. హిందీలో అడిగాడు.

"మాలిక్, నా మొదటి నెల పైసలు ఇస్తారా?"

పని వదిలి పోతున్నావా అన్నాను. లేదన్నాడు. వచ్చే ఆదివారం మ్యాచ్ ఉందట. ఇబ్రహీంపట్నంలో దుకాణంలో బూట్లు చూసి వచ్చాడట, 950 రూపాయలు. "మీరు కొనివ్వద్దు మాలిక్. నావే ఇవ్వండి."

మొదటి నెల జీతం ఆపడం నేను పెట్టిన పద్ధతి కాదు. ఈ చుట్టుపక్కల అందరం ఆపుతాం. ఇచ్చేస్తే రాత్రికి రాత్రే వేరే ఫారానికి పోతారు, కోళ్లకు నీళ్లు పెట్టే దిక్కుండదు. పోయేనాడు ఇస్తాం. ఇస్తాం అనే అంటాం. పోయినేడు ఇద్దరు చెప్పకుండా పోయారు, వాళ్లది నా దగ్గరే ఉంది. అడగడానికి ఎవరూ రాలేదు. నేనూ వెతకలేదు.

రేపు పదో తారీఖు, చూద్దాం అన్నాను. తల ఊపి పోయాడు. నడిచేటప్పుడు ఆ కాలు కొంచెం పక్కకు వేస్తున్నాడు.

10 నవంబరు, సోమవారం

జీతాలు ఇచ్చాను. వాడి చేతిలో ఈ నెలది పెట్టి, పైన రెండు ఐదువందల నోట్లు ఇచ్చాను. బూట్లకు, అన్నాను. వాడు నోట్లు వేరుచేసి పట్టుకుని, "ఇవి మీవా, నావా?" అన్నాడు. వెక్కిరింత లేదు, తెలుసుకోవడానికే. ఇంటికి ఫోన్‌లో చెప్పాలి కదా ఎంత అందిందో.

ఫోన్ మోగింది. దాణా కంపెనీ. ఎత్తాను. మాట్లాడి వచ్చేసరికి వాడు షెడ్డుకు పోయాడు.

రాత్రి ఖాతా రాయడానికి కూర్చున్నాను. "బూట్లు, టీము ఖర్చు, 1,000" అని జెర్సీల కింద రాశాను. మా ఆవిడ వెనక నిలబడి చదివింది.

"ఆ పోరని నెల జీతం నీ తానే ఉంది గదా?"

"ఉంది."

"మరి ఇది ఆని పైసలేనా, నువ్వు ఇచ్చిందా? ఏ ఖాతల రాస్తున్నవో సమజైతలేదు."

కొట్టేశాను. కొత్త పేజీలో వాడి పేరు రాసి, దాని కింద రాశాను: ఆపినది 14,000. ఇచ్చినది 1,000. ఉన్నది 13,000. దాని కింద పోయినేటి ఇద్దరి పేర్లు రాయబోతే ఒకడి పేరు గుర్తుకు రాలేదు. పొడుగ్గా ఉండేవాడు, ఒడిశా. ఆధార్ జిరాక్స్ బీరువాలో ఎక్కడో ఉండాలి.