పడుట నేర్చినవారు

మల్లయుద్ధమునుగూర్చి వ్రాయఁబోవుచున్నామనఁగానే చదువరులలోఁ గొందఱు మొగము చిట్లింతురని యెఱుఁగుదుము. అందును మేము వ్రాయఁబోవునది దేహదార్ఢ్యమునకై తాలింఖానాలలో సాగు కుస్తీ కాదు. జనులు టిక్కెట్టు కొని చూచు జపాను దేశపు వృత్తిమల్లయుద్ధము. అందలి గెలుపోటములు ముందుగానే నిర్ణయమై యుండును. ఈ సంగతిని దాఁచి వ్రాయుట మా కిష్టము లేదు. ఎఱిఁగియు దాని నేల చూచితిమి, చూచి యేల చప్పట్లు చఱచితిమి, ఆ చప్పట్లను దలఁచికొని యిప్పు డేల తలవంచుకొనుచున్నాము అను సంగతి చెప్పుకొనవలెననియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన వేసవిలో మా చిన్నవాఁడు సెలవులకు వచ్చి యుండఁగా, ఒకనాఁటి రాత్రి భోజనములైన పిమ్మట మమ్ముల నందఱను గూర్చుండఁబెట్టి యొక వీడియో చూపెను. 2003వ సంవత్సరము మార్చి 1వ తేదీని టోకియో నగరమునందలి నిప్పన్ బుడోకాన్ అను మందిరములో జరిగిన పోరాట మది. 1964లో ఒలింపిక్ క్రీడలు టోకియోలో జరిగినప్పుడు జూడో పోటీలకై కట్టిన విశాలమందిరము. జనము క్రిక్కిఱిసి యున్నది. గోదాలో నొకవైపున ఆకుపచ్చని లాగు తొడిగిన మిసావా మిత్సుహారు, అతనికి నలువదేండ్లు. ఎదుటఁ గోబాషి కెంటా, ముప్పదియైదేండ్లు. 'నోవా' యను మల్లసంఘమునకు మిసావా యధ్యక్షుఁడు. ఆ సంఘపు పట్టము గలవాఁడు నతఁడే. దానిని గెలువ వచ్చినవాఁడు కోబాషి.

మా తల్లిగారు కొంతసేపు చూచి మనుమని నడిగిరి. "ఎవడు గెలవాలో ముందే అనుకున్నారంటున్నావు గదరా. మరి ఆ దెబ్బలు కూడా ఉత్తుత్తివేనా?"

"కాదు మామ్మా, దెబ్బలు నిజమే."

"అయితే ఇందులో అబద్ధమేమిటి?" అని యామె మరల తెఱవైపు మొగము త్రిప్పిరి.

మా కా ప్రశ్నకు వెంటనే సమాధానము తోఁపలేదు. వీధినాటకములోఁ గీచకుఁడు చచ్చునని యెఱుఁగనివాఁడు లేఁడు. అయినను భీముఁడు పైఁబడునప్పుడు చాప చివరఁ గూర్చున్న ముసలివారు సైతము ముందునకు జరుగుదురు. ఫలము తెలిసినంతమాత్రమున రసము పోదు. కాని నాటకములోని కీచకుఁడు చచ్చినట్లు నటించి, తెరవెనుకకుఁ బోయి చుట్ట కాల్చుకొనును. ఈ జపాను మల్లుని సంగతి యట్లు గాదు. ఎవరు క్రిందఁ బడవలెనో ముందుగాఁ జెప్పుకొనవచ్చును గాని, పడునప్పుడు నేల యెవరి మాటయు వినదు. ఇనుప దూలములమీఁదఁ జెక్కలు పఱచి, పైనిఁ బలుచని మెత్తయు గుడ్డయుఁ గప్పినది వారి గోదా.

దానిపైఁ బడుట కొక విద్య గలదు. జపానువారు దానిని ఉకెమి యందురు. జూడో నేర్చువారికి నిదియే మొదటి పాఠము. గడ్డమును ఱొమ్మున కానించి, వీఁపు వెడల్పుగాఁ దాఁకునట్లు వంగి, చేతులతో నేలను జఱచి, దెబ్బను దేహమంతటికిఁ బంచిపెట్టుట. శిష్యుఁడు పడవేయుట నేర్చుకొనుటకు ముందు పడుట నేర్చుకొనును. మిసావా యీ విద్యలో అందెవేసిన చేయి యని యందఱు నొప్పుకొనిన మాట.

వీరి కథ 2003లో మొదలైనది కాదు. 1972లో జయంట్ బాబా యను మల్లుఁడు స్థాపించిన 'ఆల్ జపాన్' సంఘములో నిరువురును బెరిఁగిరి. మిసావా తొలుత పులి ముసుఁగు ధరించి 'టైగర్ మాస్క్' అను పేరఁ బోరాడుచుండెను. 1990 మే నెలలో గోదాలోనే ముసుఁగు తీసివైచి, జూన్ 8వ తేదీని అదే బుడోకాన్‌లో నప్పటి మేటి మల్లుఁడగు జంబో త్సురుతా నోడించి, తన సొంత మొగముతోఁ బేరు సంపాదించుకొనెను. కోబాషి త్రోవ వేఱు. కర్మాగారములోఁ జేయుచున్న పని మానుకొని వచ్చి, 1988లో గోదా నెక్కి, ఒంటరి పోరాటములలో వరుసగా 60కి పైగా నోడెను. ఓడి ఓడి లేచువానిపై జనులకు ప్రేమ కలిగినది.

1993 మొదలు 1995 వఱకు వీరిరువురు జోడుగా నుండి, యేఁటేఁట డిసెంబరులో ముగియు జంటల పోటీని మూఁడేండ్లును గెలిచిరి. జోడుగా నుండినవారే యొకరి కొకరెదురు నిలిచిరి. 1995 అక్టోబరులో, 1997 జనవరిలో, మరల నా యేఁటి అక్టోబరులో, 1998 అక్టోబరులో, 1999 జూన్‌లో, పట్టము పందెముగా నైదు పోరాటములు జరిగెను. అయిదింటను మిసావాయే గెలిచెను. 1999 జనవరిలో బాబా చనిపోయెను. సంఘపు యాజమాన్యముతోఁ బొసఁగక 2000లో మిసావా వెలికి రాఁగా, స్వదేశ మల్లులలో నిద్దఱు దప్పఁ దక్కినవారు దాదాపందఱు నతని వెంట నడచిరి. అట్లు పుట్టినది నోవా. జలప్రళయములో నోడ గట్టిన పురుషుని పేరది. కోబాషియు నా యోడ నెక్కెను గాని, మోఁకాళ్లకు శస్త్రచికిత్సలు జరిగి 2001వ సంవత్సరము దాదాపంతయు గోదాకు దూరమై యుండెను.

ఇన్నేండ్లును బోరాటములు చూచిన ప్రేక్షకులు మంచి జ్ఞాపకశక్తి గలవారు. క్రిందటి యేఁడు ఏ పట్టుతోఁ బోరాటము ముగిసినదో వారికిఁ దెలియును. ఈ యేఁడు నదే పట్టు పడఁగా, మూఁడు లెక్కించులోపల క్రిందివాఁడు భుజము లేవనెత్తును. మందిరము హోరెత్తును. ఇఁక వేఱొక క్రొత్త పట్టు కావలయును. వీఁపుపైఁ బడుట చాలనప్పుడు భుజములపైఁ బడవలెను. అదియుఁ జాలనప్పుడు మెడపైఁ బడవలెను. మెడపైఁ బడువానికి ఉకెమి చేయు సాయము కొంచెమే. మన పెండ్లిండ్లలో నన్నకు వచ్చిన కట్నముకంటెఁ దమ్మునికిఁ దగ్గినచో నెట్లు నామోషీయో, అచ్చటను నట్లే తగ్గుటకు వీలు లేకపోయినది. ఎవరును బలవంతపెట్టలేదు. అడిగినవారు ప్రేక్షకులు. వారును నోరు తెఱచి యడుగలేదు; చప్పట్లతో నడిగిరి.

ఇఁక నా రాత్రి మేము చూచినది చెప్పుదుము. కోబాషి యఱచేతి యంచుతో మిసావా ఱొమ్ముపైఁ గొట్టుచుండఁగా నా చప్పుడు మా యింటి గోడలకుఁ దగిలినది. మిసావా మోచేతితో బదులు చెప్పుచుండెను. మల్లులు గోదాకు నడచి వచ్చుటకై కట్టిన యెత్తైన బాట యొకటి యున్నది. పోరాటము దానిపైకిఁ బోయినది. అచ్చట మిసావా కోబాషిని వెనుకనుండి, రెండు చేతులును బంధించి పట్టుకొనెను. ఏమి చేయనున్నాఁడో మాకు బోధపడులోపలనే వెనుకకు వంగి, బాట యంచునుండి తనతోఁగూడ నతనిని క్రింది నేలపైకి విసరెను. ఇద్దఱును బడిరి. చేతులు పట్టుపడినవానికి నేలను జఱచు నవకాశమైన లేదు.

మా తల్లిగారు "అయ్యో" యని కన్నులు మూసికొనిరి. మేము లేచి నిలుచుండి చప్పట్లు కొట్టితిమి. "మళ్లీ వెయ్యరా, మళ్లీ వెయ్యి" అని కేక పెట్టితిమి. చిన్నవాఁడు వెనుకకుఁ ద్రిప్పి చూపెను. మూఁడుమాఱులు చూచితిమి. మూఁడవమాఱు కూడ మా చేతు లూరకుండలేదు.

అర్ధగంట దాఁటిన పిదపఁ గోబాషి మిసావాను వెల్లకిలగాఁ దన భుజములపై నడ్డముగా నెత్తుకొని, ప్రక్కకు వాలి, తలక్రిందుగాఁ బడవేసెను. 'బర్నింగ్ హామర్' అని దాని పేరు. మండెడి సుత్తి యని యర్థము. ఎంత ప్రమాదకరమైనదో తెలిసి కోబాషి దానిని దన జీవితమున వ్రేళ్లపై లెక్కింపఁదగినన్ని మాఱులే ప్రయోగించెను. దానితో మిసావా యోడెను. ఆ సంవత్సరపు మేటి పోరాటమని టోకియో స్పోర్ట్స్ పత్రిక దీనికి బహుమాన మిచ్చినది. కోబాషి యా పట్టమును రెండేండ్లు నిలుపుకొని, 13 మాఱులు కాపాడుకొని, 2005 మార్చిలోఁ గోల్పోయెను.

ఇది పగ యని ప్రకటనలలో వ్రాసికొందురు గాక. ఎత్తఁబడువాఁ డిచ్చగింపనిదే యట్టి పట్టు సాగదు. నలువదేండ్ల యధ్యక్షుఁడు తన సంఘపు భారమును దనకంటెఁ జిన్నవాని కప్పగింపఁదలఁచి, ముందుగాఁ దన మెడను వాని చేతి కిచ్చెను. పుచ్చుకొన్నవాఁడు దానిని విఱువక నేల కానించెను. ఆస్తి పంపకములలో నన్నదమ్ములు కొలత బద్దలు చేతఁబట్టుకొని తిరుగుట చూచిన మాకు, ఇంతటి నమ్మకము క్రొత్తగాఁ దోఁచినది. కాని యా నమ్మకముపై భారము పెంచుచు వచ్చిన మూఁడవవా రొకరు గలరు. వారు కుర్చీలలోఁ గూర్చున్నవారు.

వీడియో ముగిసిన తరువాతఁ జిన్నవాఁడు మెల్లగా, "నాన్నా, మిసావా తరవాత ఇలా పడే పోయాడు" అనెను. ఎక్కడికిఁ బోయెనని మే మడిగితిమి. తెలివితక్కువ ప్రశ్న యని వెంటనే తెలిసినది.

2009 జూన్ 13వ తేదీని హిరోషిమాలో నొక జంటల పోరాటము. నడుము పట్టుకొని వెనుకకు వేయు సామాన్యమైన పట్టున కతఁడు పడెను. అట్టి పడుట యతనికిఁ గ్రొత్త గాదు. కాని యీసారి లేవలేదు. ఆ రాత్రియే యాసుపత్రిలో మరణించెను. మెడలోని వెన్నుపాము దెబ్బతిన్నదని పత్రికలు వ్రాసినవి. మఱి యైదు దినములైనచో నతనికి 47 ఏండ్లు నిండెడివి. పడవేసినవాని తప్పేమియు లేదు. ఆ మెడ యేండ్లతరబడి నొప్పులతో నున్నదే. ఆ వసంతములోనే సంఘపు పోరాటములను జూపుచుండిన టెలివిజను సంస్థ ప్రసారము నిలిపివేసినది. అధ్యక్షుఁడే ముఖ్యమల్లుఁడైన సంఘములో నధ్యక్షునికి సెలవు దొరకదు. క్రిందఁ బడియున్న యతనిని జూచి ప్రేక్షకులు "మిసావా, మిసావా" యని పిలిచిరి. ఆ పేరునే యెన్నో యేండ్లుగా, లేచి మరల పోరాడుమని, వా రట్లే పిలుచుచుండిరి.

"నువ్వేరా మళ్లీ మళ్లీ వెయ్యమన్నది" అని మా తల్లిగారు మా వైపు చూచి యనిరి. అది జరిగిపోయిన పోరాటమనియు, మేము చప్పట్లు కొట్టినను గొట్టకున్నను నా మెడకు వచ్చు నష్టము లేదనియు బదులు చెప్పఁబోయితిమి. మాట గొంతు దాఁటలేదు. 2003లో నా మందిరమున నుండినచో నేమి చేసియుందుమో మాకుఁ దెలిసిపోయినది.

మఱునాఁడు చిన్నవాఁ డింకొకటి చూపెను. 2006లోఁ గోబాషికి మూత్రపిండమున క్యాన్సరు గలదని తేలి, శస్త్రచికిత్స జరిగినది. ఏఁడాదిన్నరకు, 2007 డిసెంబరు 2వ తేదీని, అతఁడు బుడోకాన్‌కుఁ దిరిగి వచ్చెను. తోడుగాఁ దకయామా యోషిహిరో. ఎదుట అకియామా జున్, అతని ప్రక్క మిసావా. మిసావా జాలి చూపలేదు. కడపటఁ గోబాషిని గ్రిందఁ బెట్టి గెలిచినవాఁడు నతఁడే. ఫలము ముందుగా నిర్ణయించుకొనువారే గదా, చావు తప్పి వచ్చినవాని కా యొక్క రాత్రి గెలుపు నీయరాదా యని మేము నొచ్చుకొంటిమి.

"బాగుందిరా" అనిరి మా తల్లిగారు. "జాలిపడి గెలిపిస్తే ఇంకా రోగిష్టివాడనే గదా అందరూ అనుకునేది. ఓడిస్తేనే వీడు బాగయ్యాడని తెలిసింది."

మేము పుస్తకములు చదివి చదివి యెఱుఁగని సంగతి యది. వారిరువుర కథలో మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము నదియే. ఎత్తైన బాటనుండి పడినది గాదు.

2013 మే 11వ తేదీని అదే బుడోకాన్‌లోఁ గోబాషి కడపటి పోరాటము చేసి విరమించెను. నాఁటి కతనికి 46 ఏండ్లు, మిసావా పోయిననాఁటి యీడే. ఆ వీడియోయుఁ జిన్నవానియొద్దఁ గలదఁట. సెలవులు ముగిసి పెట్టె సర్దుకొనుచు, అందుఁ గోబాషి జట్టే గెలిచినదని చెప్పెను.

"గెలుపు సంగతి సరే. వాడు తన కాళ్లమీద నడిచి దిగాడా?" అని మా తల్లిగా రడిగిరి.

"దిగాడు మామ్మా."

"అయితే అది పెట్టు, చూద్దాం" అని యామె కుర్చీ దగ్గఱకు లాగుకొనిరి.