వట్టివేరు వరుసలో ఖాళీ



వట్టివేరు మనకు తెలిసిందే. వేసవిలో తాగేనీళ్ల కుండలో వేసుకుంటాం, తడికలు కట్టి నీళ్లు చల్లుతాం. ఆ వేరు పైన పెరిగే గడ్డి మన దేశపుదే. ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది. నిలదొక్కుకున్నాక ఎండకు ఓర్చుకుంటుంది, కొన్నాళ్లు నీట మునిగినా బతుకుతుంది. నీడ మాత్రం దానికి పడదు. వేర్లు పక్కలకు పాకకుండా నిలువుగా దిగి, అనుకూలమైన నేలలో 3 మీటర్ల లోతుకు కూడా చేరతాయి. సువాసన కావాలంటే దుబ్బును తవ్వాలి. మట్టిని ఆపాలంటే దాన్ని అలాగే ఉండనివ్వాలి.

మన సమాధుల తోటలో వాన నీరు వాగులోకి పారుతూ మట్టిని కోసుకుపోతోంది. చివరి వరుసలో నిద్రించిన మన పెద్దల సమాధుల దాకా ఆ కోత వచ్చింది. అందుకే నిరుడు తొలకరిలో మన యౌవనస్థులు వాలుకు అడ్డంగా, 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంలో వట్టివేరు పిలకలు నాటారు. చాలావరకు బతికాయి. అక్కడ నీరు నెమ్మదించి, ఒండ్రు గడ్డి వెనుకే ఆగింది. ఎండిపోయిన రెండు మూడు పిలకల చోట మాత్రం నీరు దారి చేసుకుని కాలువ తీసింది.

సాగు చేసే వట్టివేరు సాధారణంగా మొలకెత్తే విత్తనం ఇవ్వదు. కాబట్టి ఆ ఖాళీ తనంతట తాను నిండదు. పక్క దుబ్బును చీల్చి, వేరుతో సహా పిలక తీసి అక్కడ నాటాలి. అది నాటుకునేదాకా నీళ్లు పోయాలి.

ప్రియులారా, మన వరుసలోనూ ఖాళీలున్నాయి. పనుల కోసం పట్నం వెళ్లినవారి చోటు ఒకటి. పొలం పంపకాల గొడవ తరువాత మందిరానికి రాని ఇంటి చోటు ఒకటి. వారు వస్తారులే అని ఎదురుచూస్తే కోత పెరుగుతుంది. వారి పక్కన చాప మీద కూర్చున్నవారే లేవాలి. మన సమయంలోంచి, మన పట్టుదలలోంచి కొంత చీల్చి ఇవ్వాలి. దుబ్బుకు అది నష్టం కాదు, మళ్లీ పిలకలు వేస్తుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పలుగు, బిందె తీసుకుని సమాధుల తోటకు రండి. సాయంత్రం ఆ ఇంటికి కలిసి వెళ్దాం. దూరంగా ఉన్నవారు ఈ రాత్రే ఒకరికి ఫోన్ చేయండి.

ప్రభువు మనల్ని ఒకరి పక్కన ఒకరిని నిలువబెట్టును గాక. ఆమేన్.