నలభై సెకన్ల వెనుక ఒక సంవత్సరం

వేగం అనే మాట వినగానే పెద్దల నొసలు ముడతలు పడతాయి. పిల్లల కన్నులు మెరుస్తాయి. ఈ రెండింటి నడుమ మా ఇంట కొన్నేళ్ళుగా ఒక పాత కారు నిలిచి ఉన్నది. దానిని విప్పి, బాగుచేసి, మార్పులు చేసి, కొండదారి పోటీకి సిద్ధపరచే పనిలో మా అన్నదమ్ములము ముగ్గురము కొన్ని సంగతులు గ్రహించాము. యౌవనంలో అడుగిడిన బిడ్డలున్న కుటుంబాలకు అవి ఉపకరించగలవన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా బాల్యం విజయవాడ ఆటోనగర్‌లో గడిచింది. లారీ ఇంజిన్లు దించే చప్పుడు, లేత్ మీద ఇనుము తిరుగుతుంటే వచ్చే వాసన, టింకరింగ్ సుత్తుల మోత మాకు చిన్ననాటి నేస్తాలు. అబ్బా అక్కడ లేత్ మేస్త్రి. "బండి నడిపేవాడికి దారి కనబడితే చాలు. బిగించేవాడికి మాత్రం ఆ నడిపేవాడి ఇంటి గుమ్మం కనబడాలి" అని ఆయన తరచూ అనేవారు. బ్రతుకుతెరువు మమ్మల్ని ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌కు చేర్చింది. ఆ నగర శివారులోని లాంగ్‌బ్రిడ్జ్ కర్మాగారంలో ఒకప్పుడు మినీ కార్లు తయారయ్యేవి. అటువంటి ఒక మినీ, తుప్పుపట్టి, గుడ్డ కప్పుకొని, మా ఇంటి వెనుక షెడ్డులోకి వచ్చి చేరింది.

ఇంగ్లాండులో హిల్ క్లైంబ్ అనే పోటీ నూరేళ్ళకు పైబడి జరుగుతున్నది. కార్లన్నీ ఒక్కసారిగా దూకి, ఒకదానినొకటి ఒరుసుకుంటూ పరుగెత్తే పోటీ కాదిది. రాకపోకలు లేని కొండదారిలో ఒక్కొక్క కారే పైకి వెళుతుంది. పోటీ గడియారంతోనే. ఊస్టర్‌షైర్‌లో టీమ్ నది లోయలో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట ఈ పోటీ 1905 ఆగస్టులో మొదలైంది. నేడు ఆ దారి పొడవు 1000 గజాలు. ఆ కొద్ది దూరంలోనే సుమారు 100 మీటర్ల ఎత్తు ఎక్కాలి. బాగా నిటారుగా ఉన్న చోట ఆరడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచినట్లు. మొదటి ఏడు ఎర్నెస్ట్ ఇన్‌స్టోన్ డైమ్లర్ కారులో 77.6 సెకన్లలో పైకి చేరి అగ్రస్థానం పొందాడు. నేటి ప్రత్యేక రేసు కార్లు అదే కొండను 23 సెకన్లలోపే ఎక్కుతున్నాయి. మా చిన్న మినీకి నలభై సెకన్లకు అటూ ఇటూ పడుతుంది. సాధారణంగా రోజుకు రెండు అభ్యాసపు పరుగులు, రెండు లెక్కింపు పరుగులు. అన్నీ కలిపినా మూడు నిమిషాలు నిండవు. ఆ మూడు నిమిషాల కొరకు ఏడాది పొడవునా పనిశాలలో దీపం వెలుగుతుంది.

ఇది కేవలం ధనవంతుల వినోదమని మేమూ మొదట విన్నాము. చరిత్ర వేరుగా చెబుతున్నది. 1920లలో బాసిల్ డేవన్‌పోర్ట్ 'స్పైడర్' అనే కారుతో షెల్స్‌లీ వాల్ష్ రికార్డును తిరగవ్రాశాడు. తేలికపాటి జి.ఎన్. చాసిస్, రెండే సిలిండర్ల ఇంజిన్, గొలుసులతో తిరిగే వెనుక చక్రాలు, ఇంతే దాని సంపద. అటువంటి సొంత తయారీ బండ్లకు ఈ కొండల మీద నేటికీ గౌరవముంది. ఇంజిన్ పరిమాణాన్ని బట్టి, చేసిన మార్పులను బట్టి తరగతులు విభజిస్తారు గనుక చిన్న కారు చిన్న కార్లతోనే పోటీపడుతుంది. గెలిచినవారికి దక్కేది ఒక చిన్న కప్పు, తోటివారి కరచాలనం.

అయితే మమ్మల్ని ఈ పనికి పురికొల్పింది కప్పు కాదు. మాలో పెద్దవాడి కుమారునికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. రాత్రివేళ నగరపు రహదారులపై కార్ల పందేలకు గుమికూడే కుర్రవాళ్ళ గురించి వాడి నోట తరచూ వినవచ్చేది. ఆ పందేలలో తోలేవాడే కాదు, ఏ పాపమూ ఎరుగని బాటసారీ బలి కావచ్చును. పిల్లవాడి తల్లికి నిద్ర కరువైంది. "వద్దు" అన్న మాట ఎన్నిసార్లు చెప్పినా, దాని పక్కన "ఇది చెయ్యి" అన్న మాట లేకపోతే అది గాలిలో కలిసిపోతుంది. అందుకని మేము షెడ్డు తాళంచెవి వాడి చేతిలో పెట్టి, "తోలాలని ఉంటే ముందు విప్పడం నేర్చుకో" అన్నాము.

మినీ కారు చూడ ముచ్చటగా ఉంటుంది, విప్పితే ఓర్పును పరీక్షిస్తుంది. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారులో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. గేర్‌బాక్సు ఇంజిన్ కిందనే ఉండి, రెండూ ఒకే నూనెను పంచుకుంటాయి. గేరు పన్ను అరిగితే ఆ ఇనుప రజను ఇంజిన్ బేరింగుల దాకా ప్రయాణిస్తుంది. అందుకే నూనె మార్చిన ప్రతిసారీ అయస్కాంతపు బిరడాను తీసి, దానికి అంటిన రజనును వెలుతురులో పరిశీలించాలి. మెత్తని బూడిద వంటిదైతే సహజమైన అరుగుదల. పలుకులు కనబడితే ఇంజిన్ మొత్తం దించవలసిందే. వైద్యుడు నాడి చూసినట్లు మావాడు ఆ బిరడాను చూడడం అలవరచుకున్నాడు.

మొదటి చలికాలమంతా తుప్పుతోనే సరిపోయింది. ఈ దేశంలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది రేకును లోలోపలే తినివేస్తుంది. తలుపుల కింది పట్టీలను కోసి, కొత్త రేకు అతికి, ఆటోనగర్ టింకరింగును బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ నేర్చుకున్నాము. రెండవ చలికాలం ఇంజిన్‌ది. 1275 సీసీ ఇంజిన్ సిలిండర్లను ఒకటిన్నర మిల్లీమీటరు మేర బోరింగ్ చేయిస్తే అది సుమారు 1330 సీసీ అవుతుంది. 1400 సీసీ లోపు తరగతిలో ఇముడుతుంది. హెడ్డు దించి, గాలి, పెట్రోలు వెళ్ళే దారులను చేతితో నునుపు చేశాము. వెనుక సీటు, లోపలి అలంకరణ తీసి బరువు తగ్గించాము. తగ్గించిన బరువులో కొంత భాగాన్ని ఉక్కు గొట్టాల పంజరం రూపంలో తిరిగి చేర్చాము. కారు బోల్తాపడితే లోనివాడి తలను కాచేది అదే.

ఇంటి ఖర్చులోంచి ఇందుకు పైకం తీయరాదని మొదటనే నియమం పెట్టుకున్నాము. ముగ్గురమూ సెలవు రోజులలో ఇరుగుపొరుగుల కార్లు బాగుచేసి వచ్చిన మొత్తాన్ని ఒక డబ్బాలో వేసేవాళ్ళము. డబ్బా నిండితే పని సాగేది, లేకుంటే ఆగేది. మావాడు కూడా తన వంతు సంపాదించి వేసేవాడు. తన డబ్బుతో కొన్న బేరింగును ఎవరూ సుత్తితో మోటుగా కొట్టరని మాకు అప్పుడే తెలిసింది.

పోటీ నాటి ఉదయం తనిఖీ అధికారులు ప్రతి కారునూ పరీక్షిస్తారు. యాక్సిలరేటరు వదలగానే పూర్తిగా వెనక్కి వస్తున్నదా, చక్రాలలో వదులు ఉన్నదా, బ్రేకు గట్టిగా ఉన్నదా, సీటు పట్టీలు, శిరస్త్రాణం, మంటను ఓర్చే దుస్తులు నియమానుసారం ఉన్నాయా, అన్నీ చూస్తారు. ప్రమాదంలో బయటివారు సైతం కరెంటు ఆపగలిగేలా స్విచ్చి ఉండాలి. బ్యాటరీ ఎర్త్ తీగ వెంటనే కనబడేలా దానికి పసుపు గుర్తు ఉండాలి. ఆకుపచ్చ దీపం వెలిగాక కూడా తొందర లేదు. కారు ముందు అమర్చిన పట్టీ కాంతిరేఖను దాటినప్పుడే గడియారం కదులుతుంది. వీధి పందెంలో ఉసిగొలిపే కేకలు ఉంటాయి. ఇక్కడ కుదురుగా ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది.

మావాడి మొదటి పోటీకి ముందటి శుక్రవారం రాత్రి జరిగిన సంగతి చెప్పవలసి ఉన్నది. రుసుము చెల్లించి ఉన్నాము. బంధువులకు చెప్పి ఉన్నాము. పిల్లవాడి తల్లి కీమా సమోసాలు సిద్ధం చేస్తున్నది. చివరిసారిగా ముందు చక్రాల భాగాలను విప్పి శుభ్రం చేసే పని వాడిదే. మినీ ముందు చక్రం వెనక్కి జరగకుండా టై బార్ అనే ఉక్కు కడ్డీ పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కినప్పుడు ఆ భారమంతా దాని మీదనే. అది విరిగితే చక్రం వెనక్కి పోతుంది. స్టీరింగు మాట వినదు.

పగుళ్ళు కంటికి ఆనవు గనుక వాటిని రంగుతో పరీక్షిస్తారు. కడ్డీని కడిగి, ఎర్రని ద్రవం చల్లి, కాసేపు ఆగి తుడిచివేయాలి. ఆపైన తెల్లని పొడి మందు చల్లితే, పగులులో దాగిన ఎరుపు పైకి ఊరి గీతగా కనబడుతుంది. మావాడు ఆ పని ముగించి చాలాసేపు నిశ్శబ్దంగా కూర్చున్నాడు. తరువాత, "చాచా, ఒకసారి ఇటు చూడండి. మర మొదలయ్యే చోట గీత వచ్చింది. రెండుసార్లు కడిగాను, మళ్ళీ వచ్చింది" అన్నాడు.

వెంట్రుక మందం గీత అది. దుకాణాలు మూసి ఉన్నాయి. వెల్డింగుతో అతకవచ్చునా అన్న ఆలోచన వచ్చింది కాని, ఆ వేడికి ఉక్కు గుణం మారుతుంది. భారం మోసే కడ్డీకి అది తగదు. షెడ్డు మూల మరొక పాత కడ్డీ ఉన్నది, దాని చరిత్ర ఎవరికీ తెలియదు. మేము ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. పెద్దవాడు తండ్రిగా "వద్దు" అనబోయాడు, అయితే ఆ మాట కుమారుని మనసు విరుస్తుందేమోనని తటపటాయించాడు. ఆ నిశ్శబ్దాన్ని పిల్లవాడే ఛేదించాడు. "అబ్బా, నేను వెళ్ళను. రేపు వాళ్ళు తనిఖీలో దీనిని చూడలేకపోవచ్చు. నేను చూశాను కదా!"

రుసుము తిరిగి రాలేదు. సమోసాలు ఆ రాత్రే షెడ్డులో కూర్చొని తిన్నాము. మాలో ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు. రెండేళ్ళ శ్రమ ఏమి ఫలించిందో మాకు ఆ రాత్రి బోధపడింది. రాత్రి రోడ్లపై పందేల ముచ్చట్లకు ఉవ్విళ్ళూరిన కుర్రవాడు, ఎవరూ ఆపకుండానే, తన చేతులతో కడిగిన ఇనుము సాక్ష్యం విని ఆగిపోయాడు. ఫోనులో ఈ సంగతి విన్న అబ్బా, "ఇక వాడికి బండి ఇవ్వవచ్చు" అన్నారు.

తరువాతి పోటీకి కొత్త కడ్డీలతో వెళ్ళాము. తన తరగతిలో మావాడు చివరి నుంచి రెండవవాడుగా నిలిచాడు. ఒక సెకను తగ్గించాలంటే ఏమి మార్చాలో తెల్లవారే కాగితం మీద వ్రాసుకున్నాడు. ఆ జాబితాలో మొదటిది ఇంజిన్ శక్తి కాదు, బ్రేకులు. ఇప్పుడు వీధిలోని ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు కూడా ఆదివారాలు షెడ్డుకు వస్తున్నారు. వచ్చినవారికి మొదట ఇచ్చేది స్టీరింగు కాదు, కిరోసిను గిన్నె, పాత గుడ్డ.

ప్రియ పాఠకులారా! ప్రతి ఇంటా కారు విప్పడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఒక ఇంట అది కుట్టుమిషను కావచ్చు, మరొక ఇంట నీళ్ళ మోటారు, పాత స్కూటరు కావచ్చు. మన పిల్లల చేతులకు మసి అంటినప్పుడు చీదరించుకొని చదువుకు అడ్డమని కసురుకోకండి. వేగాన్ని కేవలం అనుభవించేవాడు దాని వెలను ఎరుగడు. ఒక్కొక్క మరనూ తన చేత్తో బిగించి, ఆ మర మీద మరొకరి ప్రాణం ఆధారపడి ఉందని గుర్తించినవాడు ఎక్కడ ఆగాలో తానే నిర్ణయించుకోగలడు. బిడ్డల వెంట జీవితాంతం తనిఖీ అధికారిని పంపలేము. వారి లోపలనే ఒక తనిఖీ అధికారి తయారయ్యేదాకా పక్కన కూర్చొని పానా అందించడం పెద్దలుగా మనం చేయగలిగిన పని.