తేలే రాయి, తారు రోడ్డు

డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఆరేళ్ళు బిల్లులు పాస్ చేసి రిటైరయిన వాణ్ణి. చదివింది బి.కాం. పక్షుల గురించి, పగడాల గురించి నాకు తెలిసింది తక్కువే. ఏ ఖర్చు ఎవరి ఖాతాలో పడుతోందో చూడడం మాత్రం అలవాటు. ధనుష్కోటి రోడ్డు విషయంలో ఆ పని సగమే చేశానని ఆలస్యంగా తెలిసింది.

1996లో మద్రాసులో ఉండగా అమ్మను సేతు స్నానానికి తీసుకెళ్ళాను. అప్పట్లో తారు రోడ్డు ముకుందరాయర్ చత్రం దగ్గరే ఆగిపోయేది. అక్కణ్ణుంచి వ్యాన్. ఇసుకలోంచి, నీళ్ళలోంచి ఊగుకుంటూ పోయింది. మడుగుల్లో ఫ్లెమింగోలు. పాత ఊళ్ళో చర్చి గోడలు, స్టేషన్ మొండిగోడలు. వ్యాన్‌లో ఒక పెద్దమనిషి, పాపం పండి ఈ ఊరిని సముద్రం మింగిందనీ, రాత్రిపూట ఇక్కడ ఉండకూడదనీ చెప్పుకొచ్చాడు. అమ్మ దణ్ణం పెట్టుకుంది.

ఆ ఊరిని మింగింది 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపాను, దాంతోపాటు లేచిన ఉప్పెన. పాంబన్ నుంచి వస్తున్న పాసింజరు రైలు కూడా అందులోనే పోయింది. టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కడం ఏ పాపమో నాకు తెలియదు. 1977 దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్ళకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

తిరుగుదారిలో రామేశ్వరంలో, తొట్టిలో తేలుతున్న రాయి చూపించారు. వానరసేన వేసిన రాయట. అమ్మ అడిగితే కాదనలేక అలాంటిదే చిన్న ముక్క ఒకటి కొన్నాను. హేతువాదినని చెప్పుకునే నేనే! అది చచ్చిన పగడం. రంధ్రాల్లో గాలి ఉన్నంతసేపు తేలుతుంది. అమ్మ పోయాక బకెట్‌లో వేసి చూశాను. మొదట తేలింది, నాలుగో రోజుకు అడుగున ఉంది. నేను కొన్నాక అయిదేళ్ళకు, 2001లో, పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే.

2017 జులైలో ముకుందరాయర్ చత్రం నుంచి అరిచల్మునై దాకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల రోడ్డు ప్రారంభమైంది. అంతకు ముందే దాన్ని వ్యతిరేకిస్తూ నేనొక ఇంగ్లీషు పత్రికకు ఉత్తరం రాశాను. పక్షులు బెదిరిపోతాయి, చెత్త పెరుగుతుంది, భక్తి పేరుతో సముద్రాన్ని పాడుచేస్తారు అని. వేసుకోలేదు. ఇప్పుడనిపిస్తోంది, మంచిదే అయిందని.

2024 జనవరిలో నా భార్య, బావమరిదితో మళ్ళీ వెళ్ళాను. కారు చివరిదాకా పోయింది. నేను భయపడ్డవన్నీ ఉన్నాయి. వరసగా కార్లు, నీళ్ళ సీసాలు, స్నానం చేసి వదిలేసిన తడి బట్టలు. రోడ్డు పక్క చేపలు అమ్ముతున్న ఒకావిడతో నాకొచ్చిన అరవంలో మాట కలిపి, రోడ్డు రాక ముందే బాగుండేది కదా అన్నాను.

ఆవిడ నా వంక ఒకసారి చూసింది. "మీకు బాగుండేది అయ్యా" అంది. వాళ్ళ అత్తకు రాత్రివేళ పక్షవాతం వస్తే తెల్లారి వ్యాన్ వచ్చేదాకా గుడిసెలో కూర్చున్నారట. ఆ వ్యాన్ నడిపింది ఆవిడ భర్తే. రోడ్డు వచ్చాక అతని పని పోయింది. "అయినా రోడ్డు వద్దని మేం అనం" అంది. నా ఉత్తరంలో ఫ్లెమింగోలు ఉన్నాయి, ఈవిడ లేదు. రెండో వైపు పద్దు రాయకుండా లెక్క తేల్చిన గుమాస్తాను నేనే.

అందుకని వచ్చిన కార్లన్నీ ఒప్పని కాదు. బయటి కార్లను చత్రం దగ్గరే ఆపి, అక్కణ్ణుంచి బస్సుల్లో, ఆ పల్లెవాళ్ళు నడిపే బండ్లలో తీసుకెళ్తే సరిపోతుంది. పల్లెవాళ్ళకూ అంబులెన్సుకూ అడ్డం ఉండకూడదు. 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం అక్కడ సుమారు 525 హెక్టార్లను ఫ్లెమింగోల అభయారణ్యంగా ప్రకటించింది. ఇక ఆ పని చెయ్యకపోవడానికి సాకు కనిపించదు.

ఆ రోజు రామేశ్వరంలో ఒకడు సంచీలోంచి తేలే రాయి తీశాడు. మా బావమరిది పర్సు తీశాడు. "బావా, ఇంట్లో ఉంటే మంచిదట." చట్టం చెప్పాను, వినలేదు. ఒకప్పుడు సున్నం కోసం, కట్టడాల కోసం ఈ సముద్రంలో పగడాలు తవ్వేశారని, మన్నార్ సింధుశాఖలో రెండు దీవులు మునగడానికి అది ఒక కారణమని శాస్త్రజ్ఞులు అంటారని చెప్పాను. నిజానికి ఆ తవ్వకం ముందు ఈ రాళ్ళు చిల్లర పద్దే. కానీ కార్లు పెరిగేకొద్దీ చిల్లరా పెరుగుతుంది. "అది దేవుడి రాయి, పగడం కాదు" అన్నాడు వాడు. చివరికి మా ఇంట్లో బకెట్ కథ చెబితే పర్సు లోపల పెట్టాడు. నాలుగో రోజుకు మునిగే దేవుడికి డబ్బు పెట్టడం వాడికి నచ్చలేదు.

మర్నాడు ధనుష్కోటి వెళ్ళి ఆవిడ దగ్గరే నాలుగు కిలోల ఎండుచేపలు కొన్నాడు. మదురై దాటినా కారులో వాసన పోలేదు.